కాల్మా

వామిలోంచి గడ్డి లాగుతున్న మాణిక్యం కెవ్వుమంది. పాదం మీద రెండు గాట్లు. పాము సర్రున వామిలోకి దూరిపోయింది.

సొలొమోనుకు పై ప్రాణాలు పైనే పోయాయి. భార్యను భుజాన వేసుకుని చల్లపల్లి రోడ్డెక్కి, వస్తున్న ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు.

వెనక సీట్లో ఎవరో పెద్దాయన. ఎడమ కాలికి తడి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

“దిగవయ్యా! మా ఆవిడ్ని పాము కరిచింది!”

“నేనూ ఆసుపత్రికే బాబూ. ఎక్కండి,” అంటూ ఆయన పక్కకు జరిగాడు.

“ఆసుపత్రి తర్వాత. ముందు మంత్రం వేయించాలి. ఊళ్ళోకి తిప్పు!”

“వద్దు. తిన్నగా ఆసుపత్రికే పోనీ,” అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో ఏముందో, డ్రైవరు ఆయన మాటే విన్నాడు.

మాణిక్యం గజగజ వణికిపోతోంది. “నా పిల్లలు...”

“కాల్మా, అమ్మాయ్, కాల్మా. కాలు కదపమాక.”

“అంటే ఏంటి బాబాయ్?”

“నెమ్మది అని. స్పెయినోళ్ళ మాటలే. వాళ్ళ ఓడలో చాన్నాళ్ళు వంట చేశా. మొదట్లో ఆ మాటకి మిట్టమధ్యాహ్నం ఎండ అని అర్థమంట.”

“ఎండా?”

“ఊఁ. ఇదిగో, ఇట్టాంటి ఎండే. పనులాపి అందరూ నీడకి చేరతారుగా, ఊరంతా సద్దుమణుగుద్ది. చివరికి ఆ నెమ్మదికే ఆ పేరు మిగిలిందంట. నువ్వూ నీడన కూర్చున్నాననుకో.”

మాణిక్యం వణుకు తగ్గింది. ఆయన మాట మాత్రం ముద్దముద్దగా వస్తోంది, రెప్పలు వాలిపోతున్నాయి. సొలొమోనుకు ఒళ్ళు మండింది. ఇక్కడ నిండు ప్రాణం పోతుంటే ఈయనకు కునుకొకటి!

ఆసుపత్రిలో మాణిక్యాన్ని గబగబా లోపలికి తీసుకెళ్ళారు. పెద్దాయన గోడ పట్టుకుని బెంచీ దాకా వచ్చి, సొలొమోను చెయ్యి పట్టుకున్నాడు.

“బాబూ... ఆ నర్సమ్మని...”

“ఉండవయ్యా! నా పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే మధ్యలో నీ గోలేంటి!” సొలొమోను విదిలించుకున్నాడు.

“కాల్మా,” అన్నాడాయన నవ్వబోయి.

పొద్దువాలే వేళకు డాక్టరు బయటికొచ్చాడు.

“గండం గడిచిందయ్యా. కదలనీయకుండా, కంగారు పెట్టకుండా నేరుగా ఇక్కడికే తెచ్చారు. అదే బతికించింది.”

సొలొమోను భోరుమన్నాడు. బెంచీ దగ్గరికి పరిగెత్తాడు. పెద్దాయన గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు.

“తప్పయిపోయింది పెద్దాయనా,” అంటూ కాళ్ళ మీద పడ్డాడు.

పాదం చల్లగా తగిలింది. జారిపోయిన తువ్వాలు పక్కన, వాచిపోయిన ఆ ఎడమ పాదం మీద, మాణిక్యం కంటే ముందే పడ్డ రెండు గాట్లు నల్లబడి ఉన్నాయి.