కళ్లజోడు సూర్యుడు

"సంతకం పెట్టన్నా, నీ కాళ్లు పట్టుకుంటా!"

ఊరంతా జేజేలు కొట్టే బాస్కెట్‌బాల్ ఆటగాడు డెవాంటే, అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో పచ్చబొట్ల దుకాణంలో మోకాళ్ల మీద కూలబడ్డాడు.

కొత్త వీడియో గేమ్‌లో అతని బొమ్మకు కుడిచెయ్యి బోడిగా ఉంది. గీసినవాళ్ల అనుమతి లేకుండా పచ్చబొట్టు చూపిస్తే కోర్టుకు లాగుతారని కంపెనీ చెరిపేసింది.

"నేను పెట్టలేను," అన్నాడు దుకాణదారు రూఫస్, తల వంచుకుని.

"నా తోలు మీది బొమ్మకు నువ్వు అడ్డమేంటి? అది లేకపోతే ఆ గేమ్‌లో ఉన్నది నేనే కాదు!"

అతని చేతి మీద కళ్లజోడు పెట్టుకున్న సూర్యుడు వంకరగా నవ్వుతున్నాడు.

"దీన్ని నేను గీయలేదు తమ్ముడూ. ఆసుపత్రి మంచం మీద మీ పాప గీసింది. నువ్వు ఆ కాగితం తెస్తే, గీత మీద గీత దిద్దానంతే. హక్కు పాపదే. తన తరఫున నువ్వే పెట్టాలి."

రూఫస్ కలం అందించి, కంపెనీ పంపిన అనుమతి పత్రంలో సంతకం చేయాల్సిన చోటు చూపించాడు. దాని పైన 'మరణించిన చిత్రకారిణి వారసుడు' అని ఉంది.

పాప పోయిందని ఇంతవరకూ నోటితో అనని డెవాంటే, ఆ మాట చదివి కలం కింద పెట్టేశాడు.

"బోడిగానే ఉండనీ అన్నా," అంటూ చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కున్నాడు.