లక్ష్మివారం పాట

"పదిగంటల్లోగా ఇరవైమూడువేలు నా సేతిలో పడాల. పడకపోతే ఇంజను ఇప్పేసి అట్టుకుపోతాను. ఆటో కూడా తెచ్చుకున్నాను, సూడు!"

రేవులో ఇసుక మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు వడ్డీ ధనరాజు. పొందూరు పంచె తడవకుండా మోకాళ్ల పైకి లాక్కున్నాడు. ఎదురుగా ఝాన్సీ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె మొగుడు దేవేంద్ర అప్పుడే వేట నుంచి వచ్చి, పడవ ఒడ్డుకి లాగుతున్నాడు. ఆ పడవ ఇంజను మీద మిగిలిన ఆఖరి బాకీ అది.

"ఒక్క రోజాగు బావూ," అంది ఝాన్సీ. "ఈయాల మార్గశిర లక్ష్మివారం. ఎవులూ నీసు ముట్టరు, సేపలు కొనరు. బదులడుగుదామంటే లక్ష్మిని గడప దాటించరు. సొమ్మెక్కణ్నించి తెస్తాం?"

"తెలిసే కదే గడువు ఈయాల్టికి పెట్టాను!" అని పకపకా నవ్వాడు ధనరాజు. ఆ నవ్వు వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఝాన్సీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంజను పోతే వేట లేదు. వేట లేకపోతే పొయ్యి వెలగదు.

సరిగ్గా అప్పుడు దిగింది జగ్గమ్మ. నెత్తి మీద తట్ట, వెనకాల మరో ఏడుగురు ఆడవాళ్లు. అందరూ చేపలమ్ముకునేవాళ్లే. ఝాన్సీతోపాటు ఒకే పొదుపు సంఘంలో ఉన్నవాళ్లే.

"ఏడిస్తే ఇంజను ఆగుతాదేటే?" అని కసిరింది జగ్గమ్మ. "నీ ఇంజను పోతే నువ్వు బేంకు కిస్తీ కట్టలేవు. నువ్వు కట్టకపోతే సంఘంలో పదిమందికీ లోను రాదు. నువ్వు ములిగితే అందరం ములిగినట్టే. పద, పాట పెట్టించు!"

"లక్ష్మివారం అప్పివ్వకూడదు గదప్పా!"

"అప్పెవులిస్తన్నారే? సరుకు కొంటన్నాం! కొనకూడదని ఏ అమ్మోరు సెప్పింది?"

దేవేంద్ర పడవలోంచి చేపల తట్టలు ఇసుకలో దించారు. నిండా కవళ్ల చేపలు, వెండిలా మెరుస్తున్నాయి. మామూలు రోజైతే పదిహేనువేల సరుకు. ఈ రోజు అందులో సగం వస్తే గొప్ప. వేలంపాట పాడే గిరిబాబు బెరుగ్గానే మొదలుపెట్టాడు.

"ఐదువేలు!"

"ఎనిమిది!" అంది జగ్గమ్మ.

"పది!" వెనకనుంచి నీలవేణి అరిచింది.

"పన్నెండు!"

"నువ్వు పాడితే నానూరుకుంటానేటి? పదిహేను!"

వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు దారం వదిలేసి పరుగెత్తుకొచ్చారు. పడవలు కడుగుతున్నవాళ్లు నీళ్లలోంచే మెడలు చాచారు. ధనరాజు కుర్చీలోంచి లేచాడు.

"మీకేటి పిచ్చెక్కిందా? ఈయాల ఈ సేపలెవులు తింటారే?"

"ఎండబెట్టుకుంటాం బావూ! ఎండుసేపకి వారాల్లేవు!"

"ఇన్ని ఎక్కడెండేస్తారే?"

"మంచి డాబా సూసుకున్నాంలే! పద్దెనిమిది!"

"ఇరవై!"

"ఇరవైరెండు!"

"ఇరవైమూడు!" అని రొమ్ము చరుచుకుంది జగ్గమ్మ.

గిరిబాబు గొంతు కీచుమంది. "ఇరవైమూడువేలు ఒకటోసారీ... రెండోసారీ..." జగ్గమ్మ గిర్రున తిరిగి నీలవేణిని గుడ్లురిమి చూసింది. నీలవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మూడోసారీ!"

రేవంతా ఈలలే. దేవేంద్ర తడిబట్టలతోనే పెళ్లాన్ని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. "దించు, సిగ్గులేదేటి!" అని ఝాన్సీ వీపు మీద ఒక్కటిచ్చింది. ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

"ఆగండాగండి!" అరిచాడు ధనరాజు. "సాయంత్రం అమ్ముకుని ఇస్తామంటే కుదరదు. రొక్కం! ఇంకా ఐదు నిమిషాలే ఉన్నాది."

ఎనిమిదిమందీ కొంగుముళ్లు విప్పారు. వందలు, యాభైలు, చెమటకి మెత్తబడ్డ పదులు. గిరిబాబు వేలు తడుపుకుంటూ లెక్కపెట్టాడు. ఎనిమిదివేలు తేలింది. ఈలలు ఆగిపోయాయి. దేవేంద్ర దిగులుగా ఇంజను వైపు చూశాడు.

జగ్గమ్మ తాపీగా తన తట్ట అడుగునుంచి ఓ అరిటాకు పొట్లం తీసింది. విప్పితే ఐదొందల నోట్ల కట్ట. పైనోటుకి పసుపు, కుంకుమ అంటుకుని ఉన్నాయి.

"పదిహేనువేలు! సూసుకో బావూ!"

"ఎవులిచ్చారప్పా?" ఝాన్సీ నోరు తెరిచింది.

"మన సంఘం సొమ్మే. నోరు మూసుకుని కట్టు."

ధనరాజుకి పట్టరాని ఆనందం. కట్టని కళ్లకద్దుకున్నాడు. "లక్ష్మివారం పూట బొట్టెట్టుకుని మరీ నా ఇంటికొస్తంది మాలచ్చిమి!" అని మురిసిపోయాడు. జేబులోంచి ప్రోనోటు తీసి, అందరి ముందూ చించి ఝాన్సీ చేతిలో పెట్టాడు. ఆ ముక్కల్ని ఝాన్సీ గుప్పిట బిగించి గుండెకి హత్తుకుంది.

"బావూ, నీ ఆటో కాళీగానే పోతంది గదా. ఈ తట్టలేసుకెళ్లమంటావేటి?" అడిగింది జగ్గమ్మ.

"ఏసుకోండే! బాడుగ ఇచ్చేశాను, ఎక్కడ దింపమంటే అక్కడ దింపుతాడు!"

అంత సంతోషంగా ఉన్నాడు మనిషి. రేవు హోటల్లో రెండు టీలు తాగి, కనబడినవాళ్లందరికీ కట్ట చూపించి, గంట తర్వాత ఇల్లు చేరాడు. గుమ్మంలోనే నీచు వాసన గుప్పుమంది. మెట్లెక్కి డాబా మీదికి పరుగెత్తాడు. డాబా నిండా కవళ్లు పరిచి ఉన్నాయి. జగ్గమ్మ, నీలవేణి, అందరూ ఉప్పు చల్లుతున్నారు. మధ్యలో కొంగు బిగించి, మోచేతుల దాకా ఉప్పుతో అతని పెళ్లాం కుసుమకుమారి.

"ఏటే ఇది? వీళ్లు మనింట్లో ఏటి సేస్తన్నారు?"

"అరవకు. సంఘంలో పదో మనిసిని నానే. ముందా కట్ట అట్టుకెళ్లి, పొద్దున్న నువ్వు అమ్మోరి పాదాలకాడ ఎక్కడ పెట్టావో మళ్లీ అక్కడే పెట్టీ."