గదిలోకి దూరిన కూనిరాగం

ఆ రోజు ఇంట్లో అమ్మమ్మ, సువర్చల పిన్ని, తరంగిణి ఉన్నారు. కిటికీ అవతల నిలబడ్డ పక్కింటి దమయంతత్తని కలుపుకుంటే నలుగురు.

ఆ కాలంలో అప్పడాలు ఒత్తుకున్నట్టు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలూ ఎవరింట్లో వాళ్లే చేసుకునేవారు. పెరటి గదిలో, నెట్ లేకుండా, సరుకుల చీటీలో రాయని బయటిదేదీ సోకకుండా మడిగా కూర్చోవాలి. లోపల జరిగిందంతా ప్యాకేజీలో గుచ్చిన ఆరా సూదులు పసిగట్టి, అడిగితే చెబుతాయి.

సాయంత్రం కుళాయి వచ్చేలోగా నీళ్ల మోటారును నడిపే ప్యాకేజీ తయారవ్వాలి. లేకపోతే మర్నాడు ఇంట్లో చుక్క నీరుండదు. తరంగిణి రెండుసార్లు చేస్తే రెండుసార్లూ చెడింది.

"బయటిదేదో లోపలికి మోసుకెళ్తున్నావే," అని అమ్మమ్మ ఆమె గాజులు, పిన్నీసులు తీయించింది. మూడోసారీ అంతే.

చివరికి పిన్ని సూదులను అడిగింది. అవి వినయంగా, "తరంగిణిగారు కూనిరాగం తీశారు. రెండో చరణంలో శ్రుతి తప్పారు," అన్నాయి.

నలుగురిలో నోరు విప్పని పిల్ల, ఎవరికీ వినబడదనే అక్కడ పాడుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

"నోరు మూసుకుని చెయ్యి," అంది పిన్ని.

"పాడకపోతే నాకు చేతులాడవు పిన్నీ."

అమ్మమ్మ సరుకుల చీటీ తీసింది. "అయితే పాటని కూడా ఇందులో రాసెయ్యండే. ఇక బయటిదెలా అవుతుంది?"

రాశారు. ప్యాకేజీ కుదిరింది. మోటారు కూనిరాగం తీస్తూ నీళ్లు తోడింది. రెండో చరణంలో కాస్త దగ్గింది.

"మా మోటారుకీ అదే పాట కావాలి పెద్దమ్మగారూ," అంది దమయంతత్త అమ్మమ్మతో.

తరంగిణి పారిపోబోయింది. అమ్మమ్మ ఆమెను గదిలోకి నెట్టి, "ఈసారి శ్రుతి చూసుకో," అని తలుపు వేసేసింది.