ఆరు పదవుల ముద్ర

"ఇంకొకటి మర్చిపోయాను. ఉప్పు గిడ్డంగుల పర్యవేక్షకుడు. అదీ చెక్కు," అన్నాడు సిసిన్నియోస్.

గ్లికేరియా ఉలి కింద పెట్టింది. సీసం ముద్రలు నొక్కే ఇనప పటకారు ఆమె ఒళ్ళో ఉంది. దాని దవడలు ఎండు అత్తిపండంత ఉంటాయి, అంతే.

"దొరగారూ, ఇది సీసం బిళ్ళ. మన అత్తలియా ఊరి కోటగోడ కాదు. మీ పేరుకే రెండు వరుసలు పడుతున్నాయి. పదవులు అప్పుడే ఐదయ్యాయి."

"ఆరోది లేకపోతే రాజధానిలో నన్నెవరు లెక్కచేస్తారు? న్యాయాధికారి పదవికమ్మా ఈ ముద్ర వేసి పంపే అర్జీ! ఈస్టరుకల్లా ఆ కుర్చీలో కూర్చుంటానని ఊరంతా చెప్పేశాను. పట్టు అంగీ కూడా కుట్టించాను. అర్జీలో పేరు, సంతకం సైతం పెట్టలేదు. ముద్ర చూస్తే చాలదూ?"

"అయితే ఏదో ఒకటి తీసెయ్యాలి. వెనకవైపు పునీత నికోలస్‌ని తీసేద్దామా? ఆయన గడ్డమే సగం చోటు తింటోంది."

సిసిన్నియోస్ గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు. "సముద్రం మీద తిరిగేవాణ్ణి, నన్ను ముంచకు! ఓడల్ని కాచేది ఆయనే. ఆయన బొమ్మా ఉండాలి, పక్కన పేరూ ఉండాలి."

"పోనీ, రాజఖడ్గధారి పదవి తీసేద్దామా? మీరు కత్తి పట్టగా చూసినవాళ్ళు లేరు. ఉల్లిపాయ తరగడం కూడా అమ్మగారే."

"నీ నోటికి తాళం వెయ్య! పదవుల్లో ఒక్కటి తగ్గినా నీ గడప తొక్కను."

"సరే. మీరు తీయొద్దన్నవి ముట్టుకోను."

మూడోరోజు ముద్ర తయారైంది. సిసిన్నియోస్ దాన్ని ముక్కుకు ఆనించుకుని, వేలు పెట్టి పదవులు లెక్కపెట్టాడు.

"నాలుగు... ఐదు... ఆరు! పనితనమంటే ఇదీ!"

ఈస్టరు ముందురోజు రాజధాని నుంచి ఓడలో అర్జీకి జవాబు వచ్చింది. పట్టు అంగీ తొడుక్కుని సిసిన్నియోస్ రేవుకు పరిగెత్తాడు. ఊరు ఊరంతా వెనకే వచ్చింది. చూపు ఆనక ఉత్తరం గ్లికేరియా చేతిలో పెట్టాడు.

"గట్టిగా చదువు. మా బావమరిది వెనక నిలబడ్డాడు, వాడికీ వినపడాలి."

"'తమ ఆరు పదవులూ చూసి ఎంతో సంతోషించాం. న్యాయాధికారి పదవి తమకే ఇస్తున్నాం.'"

జనం ఈలలు వేశారు. బావమరిది మొహం మాడిపోయింది. సిసిన్నియోస్ అంగీ అంచు సర్దుకుని గడ్డం పైకెత్తాడు.

"పైవరుస వదిలేశావేం? ఎవరికి రాశారో అదీ చదువు, అందరూ వింటారు!"

గ్లికేరియా గొంతు సవరించుకుంది.

"'మహారాజశ్రీ నికోలస్ గారికి.'"