దాచమన్న ముక్క

"చిన్న ఆపరేషనే. అయినా ఆపరేషన్ ఆపరేషనే. ఆలోచించుకుని చెప్పండి," అన్నాడు డాక్టర్ మెలిస్.

"ఆలోచించేదేం లేదు డాక్టర్ గారూ. తీయండి," అంది బొనారియా.

పక్కన కూర్చున్న భర్త గావినో ఆమె వంక చూశాడు.

వాళ్ళ కూతురు గ్రేకాకు తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కిస్తే తప్ప నిలబడలేదు. ఇన్నాళ్ళకు జర్మనీలో ఒక దాత దొరికాడు. అతని మూలకణాలు ఎక్కించే ముందు గ్రేకా ఎముకల్లోని పాత మజ్జను బలమైన మందులతో చంపాలి. ఆ మందులు అండాశయాలను కూడా వదలవు. పెద్దయ్యాక ఆ పిల్ల తల్లి కాలేకపోవచ్చు. అందుకే ముందుగా అండాశయంలోంచి ఒక ముక్క తీసి, గడ్డకట్టించి దాచుకోవచ్చన్నాడు మెలిస్.

వరండాలోకి రాగానే గావినో ఆగిపోయాడు.

"ఉన్న గండం చాలదా? అది బతికితే నాకు చాలు."

"నాకు చాలదు."



వార్డులో పక్క మంచం మీది పిల్ల ఇలారియా. అదే జబ్బు. ఆమె తల్లి అసుంతా కొండ ఊళ్ళ మనిషి. నోరు ఊరుకోదు.

"జర్మనీవాడిది ఎందుకమ్మాయ్? తల్లివి నువ్వున్నావుగా. నీ మజ్జ ఇవ్వలేవా?"

"నాది పనికిరాదక్కా," అని బొనారియా నారింజ వొలవడంలో పడింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ కుట్ల దగ్గర చీము పట్టింది. జ్వరం పట్టుకుంది. మజ్జ మార్పిడి వాయిదా పడింది. దాత ఇంకో తేదీకి ఒప్పుకుంటాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. గావినో భార్యతో మాట్లాడడం మానేశాడు.

"అమ్మా, నువ్వే కోయించావట కదా," అంది గ్రేకా మూలుగుతూ.

"అవునమ్మా," అంది బొనారియా. నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. తర్వాత స్నానాలగదిలోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

దాత ఒప్పుకున్నాడు. జ్వరం దిగింది. గ్రేకాను క్రిములు సోకని అద్దాల గదిలో పెట్టారు. జుట్టు రాలింది. నోరంతా పుళ్ళు. గుక్కెడు నీళ్ళు మింగడానికి కూడా ఏడ్చేది. అమ్మమ్మ పంపిన గొర్రెపాల జున్నును గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. చివరికి ఒక ఉదయం మెలిస్ వచ్చి, కొత్త మజ్జ పట్టిందని చెప్పాడు. గావినో తన భార్య భుజం మీద తల వాల్చి చాలాసేపు ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం బొనారియా అద్దాల గది బయట నిలబడి ఉంటే అసుంతా వచ్చి పక్కన నిలబడింది. ఇలారియా మార్పిడి వంతు దగ్గర పడింది.

"డాక్టరు నన్నూ అడిగాడు, ముక్క తీసి దాచమంటారా అని. వద్దన్నాను. మీ పిల్ల అలా జ్వరంతో కాలిపోతుంటే చూశాను కదా. అబద్ధమెందుకు, నువ్వసలు కన్నతల్లివేనా అనిపించింది నాకు."

బొనారియా లోపలున్న గ్రేకా మీంచి చూపు తిప్పలేదు.

"కాదక్కా, నాకు ఏడేళ్ళప్పుడు ఇదే మార్పిడి చేశారు, అప్పట్లో ముక్క తీసి దాచమని చెప్పే దిక్కులేక నాకు పిల్లలు పుట్టలేదు, గ్రేకాను పెంపకానికి తెచ్చుకున్నాం."