వెళ్లొస్తానన్న మాట

“మళ్లీ ఆ పెద్దావిడతో వాళ్ల భాషలో వెళ్లొస్తానన్నావా? నిజంగానే వెనక్కొస్తావనుకుని, రాత్రి భోజనం ముట్టకుండా గుమ్మం దగ్గరే కూర్చుందట!” అంది వదిన, తామిద్దరూ పనిచేసే వృద్ధాశ్రమంలో దుప్పట్లు మడతపెడుతూ.

“వెళ్తున్నానని ఎలా అంటాను వదినా? అశుభం కాదూ?”

“పరాయి దేశంలో శుభాశుభాలేంటే? ఇంకోసారి ఇలా జరిగితే పనిలోంచి పంపించేస్తారు.”

మరదలికి ఒళ్లు మండింది. ఇక్కడి పలకరింపులకు నోరు తిరిగిందో లేదో, సెలవు తీసుకోవడం కూడా తప్పైపోయింది.

సాయంత్రం బ్యాగు తగిలించుకుని, వాళ్ల భాషలోనే విసురుగా చెప్పింది.

“వెళ్తున్నాను.”

పెద్దావిడ కుర్చీలోంచి సగం లేచింది. “ఇంక రావా?”

మరదలు బ్యాగు దించి, ఆవిడ పక్కన కూర్చుంది.

“వెళ్లి, పొద్దున్నే వస్తానమ్మా. మీరు తిని పడుకోండి.”