పెద్దాయన ఊ అంటేనే

"మళ్ళీ కొట్టేసేరు మేడం."

నర్సు పైడితల్లి కేసు షీటు తెచ్చి బల్ల మీద పెట్టింది. నిన్న డాక్టర్ ఈశ్వరి రాసిన మాత్ర పేరు మీద ఎర్ర సిరా గీత. గీత కాదు, వాత.

ఈశ్వరికి ఒళ్ళు మండిపోయింది. వైజాగ్‌లో ఎండీ చదివినన్నాళ్ళూ, గుండె నీరసించిన పేషెంట్లకి ఆ బీటా బ్లాకర్ మాత్ర ఇవ్వడం చూసింది. మంచం దిగలేనివాళ్ళు కొన్నాళ్ళకి మెట్లెక్కడమూ చూసింది. వైజాగ్ నుంచి అనకాపల్లికి బస్సులో ఎంతసేపని! 2004 వచ్చేసినా ఆ మాత్ర మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

ఇక్కడి చట్టం వేరు. ఎవరికి ఏ మందు మార్చాలన్నా కేసు షీటు పెద్ద డాక్టర్ సత్తిరాజు గారి ముందుకి వెళ్ళాల్సిందే. ఆసుపత్రి కట్టింది ఆయన. ఎలమంచిలి నుంచి రోలుగుంట దాకా, ఆయన నాడి పట్టుకుంటే సగం రోగం పోతుందని నమ్మే జనం. ఆయన ఊ అంటే మందు మారుతుంది. ఊహూ అన్నారంటే ధన్వంతరి దిగొచ్చి చెప్పినా అంతే.

"ఆయనకి తెలీకుండా ఇచ్చేద్దామా?" అంది ఈశ్వరి, తెగించి.

పైడితల్లి చెంపలు వేసుకుంది. "అమ్మో! మాత్ర రంగు సూసి పేరు సెప్పేత్తారు మేడం ఆయన. నా ఉద్యోగం ఊడిపోద్ది."

అలా అన్నందుకు ఈశ్వరికే సిగ్గేసింది. లేచి వరండాలోకి వచ్చింది. అక్కడ బెంచీ మీద పేషెంటు భార్య దుర్గాలక్ష్మి కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది.

"ఒంట్లో నీరు లాగేశామమ్మా. ఆయాసం కాస్త తగ్గింది. ఆ మాత్ర మొదలుపెట్టాల్సింది ఇప్పుడే. లేదంటే మళ్ళీ నీరు పడుతుంది, మళ్ళీ ఇక్కడికే వస్తారు. ఏదో ఒకసారి..." ఈశ్వరి మిగతా మాట మింగేసింది. "మీరైనా గట్టిగా చెప్పండి."

"నేనేటి చెప్పేది తల్లీ!" ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఉప్పు తగ్గించి వండితే కంచం తోసేత్తన్నారు. పెద్ద డాక్టరు ఊ అనకుండా ఈయన నోట్లో ఏదీ పడదు. ఆ పెద్దమనిషిని నువ్వే ఎలాగోలా ఒప్పించు. నీకు పుణ్యముంటాది."

ఇంకేం ఒప్పించాలి? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది ఇన్నాళ్ళూ. పనిగట్టుకుని తెచ్చిచ్చిన జర్నలు కాగితాల మీద ఆయన టీ గ్లాసు పెట్టుకున్నారు. అయినా సరే, ఈశ్వరి కేసు షీటు పట్టుకుని విసవిసా నడిచి తలుపు తోసింది.

సత్తిరాజు గారు కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని పేపరు చూస్తున్నారు.

"ఏటి ఈశ్వరీ, మళ్ళీ వచ్చేవు?"

"ఆ మాత్ర ఎందుకు కొట్టేశారు సార్?"

"అసలే నీరసంగా కొట్టుకుంటోంది గుండె. ఇంకా మెల్లగా కొట్టుకోమని మాత్ర ఇత్తావా?" ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నారు. "అది విషమని మా ప్రొఫెసర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేరు."

"అది అప్పటి మాట సార్. బెల్లం బండి లాగలేక రొప్పుతున్న ఎద్దుని చెర్నాకోల పెట్టి పరిగెత్తిస్తారా ఎవరైనా? నిమ్మళంగా నడిపిస్తారు. ఈ మాత్ర చేసేదీ అదే. చాలా చిన్న డోసుతో మొదలుపెడదాం. పక్కనే ఉండి నేను చూసుకుంటాను."

"ఎద్దుల సంగతి నాకే చెప్పొచ్చేవా? నిన్నగాక మొన్నొచ్చిన మాత్రని నమ్ముకుని, ఇన్నేళ్ళు వాడిన మందులు వదిలేయమంటావు."

"వదలమనలేదు సార్! వాటికి తోడు ఇది కూడా అంటున్నాను!"

అరిచినంత పని చేసింది. అది కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. బతికించే మాత్ర ఉండి కూడా ఒక మనిషి కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? అందుకేనా ఇంత చదువూ చదివింది?

"కుదరదంటే కుదరదు. నా మాట చెల్లినన్నాళ్ళూ ఆ మాత్ర ఈ గుమ్మం దాటి రాదు."

"అయితే రేపు పేషెంటుకి ఏమైనా అయితే బాధ్యత ఎవరిది సార్?"

"నాదే," అంటూ సత్తిరాజు గారు కళ్ళజోడు తీసేసి, ఆక్సిజన్ గొట్టం ముక్కుకి తగిలించుకుని, తలకింద దిండ్లు ఎత్తు చెయ్యమని వరండాలో ఉన్న దుర్గాలక్ష్మిని పిలిచారు.